రెండు దెబ్బలకు వచ్చిన చేప

సదయ్య తాత పొద్దున్నే ముఖం కడుక్కునే ముందు బకెట్ అంచు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొడతాడు. కొట్టి, వంగి, నీళ్లలోకి ఒకసారి చూస్తాడు. ఆ తర్వాతే మగ్గు ముంచుతాడు. స్నానానికైనా అంతే, తాగడానికి బిందెలోంచి నీళ్లు తీసుకున్నా అంతే. స్టీలు బిందె ఖంగుమంటుంది, ప్లాస్టిక్ బకెట్ మొద్దుగా పలుకుతుంది. రెండు దెబ్బలు మాత్రం తప్పవు.

"నీళ్లు పండుకున్నయి, లేపుతున్నడు సూడు. తలుపు కొట్టినట్టు కొడ్తడు. లోపలికెల్లి ఎవలన్న పలుకుతరా?" అంటుంది ఆయన భార్య సారక్క అమ్మమ్మ. యాభై ఏళ్లకు పైగా చూస్తున్నా ఆమె ఆ మాట అనడం మానలేదు, ఆయన కొట్టడమూ మానలేదు.

సెంటినరీ కాలనీలో మా క్వార్టరూ వాళ్ల క్వార్టరూ పక్కపక్కనే. ఆ రెండు దెబ్బల సంగతి నాకు ఒక్కసారిగా తెలియలేదు. తాత కొంత చెప్పి ఆగిపోయేవాడు. ఆయన ఆగిన చోటు నుంచి అమ్మమ్మ అందుకునేది. అట్లా ఇద్దరి దగ్గరా విన్నదే ఇది.

సదయ్య పుట్టింది కమాన్‌పూర్ దగ్గర ఒక మెట్ట ఊళ్లో. ఏరు దూరం. ఈత నేర్చుకున్నదంతా మోటబావుల్లోనే. ఎవరి బిందె అయినా బావిలో జారిపడితే ముందు తాడుకు కట్టిన కొక్కేల పాతాళ గరిగె వేసి వెతికేవాళ్లు. దానికి దొరకకపోతే సదయ్యను పిలిచేవాళ్లు. పదహారేళ్లకే అతను లారీ ట్యూబు ముక్కకు గుండ్రటి అద్దం బిగించి, అంచులకు తారు పూసి, ముఖానికి కట్టుకునేలా ఒక సాధనం చేసుకున్నాడు. ఒక రబ్బరు గొట్టం నోట పట్టుకుని, దాని రెండో కొస నీటి పైకి ఉండేలా తలకు కట్టుకునేవాడు. అట్లా ముఖం నీళ్లలో పెట్టి తేలుతూ బావి అడుగంతా చూసేవాడు. బిందె కనబడితే గొట్టం వదిలి, ఊపిరి బిగబట్టి మునిగేవాడు. ఊళ్లో పిల్లలు అతన్ని కప్ప సదయ్య అనేవారు.

1965లో గోదావరిఖని దగ్గర ఒక బొగ్గుబాయిలో బదిలీ పనివాడిగా చేరాడు. బదిలీ అంటే, పర్మనెంటు మనిషి రాని రోజున అతని జాగాలో పని చేయడం. అందరూ వస్తే ఇంటికి తిరిగి పోవడం. రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి తన పేరు పిలుస్తారా లేదా అని చూడాలి. సారక్కతో కొత్తగా పెళ్లయింది. డ్యూటీ దొరకని రోజున తిన్నగా ఇంటికి పోలేక బజారంతా తిరిగి, షిఫ్టు వదిలే వేళకు ఇల్లు చేరేవాడు. ఆమెకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. "పనికి పోయినోని అంగికి బొగ్గు అంటదా?" అని మాత్రం అడిగిందట.

ఆ బాయిలో అతనికి గుర్తింపు తెచ్చింది ఆ అద్దమే. భూమిలోపల ఊరే నీళ్లన్నీ పల్లానికి చేరి పెద్ద మడుగు కడతాయి. దాన్ని సంపు అంటారు. పక్కన పంపు ఉంటుంది. పంపు గొట్టం కొస నీళ్లలో మునిగి ఉంటుంది. ఆ కొసకు ఇనుప జల్లెడ బుట్ట ఒకటి బిగిస్తారు. చెక్కపేళ్లు, బొగ్గు బురద పేరుకుని ఆ బుట్ట మూసుకుపోతే పంపు నీళ్లు తోడదు. చీకట్లో, నల్లటి నీళ్లలోకి దిగడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు. సదయ్య దిగేవాడు. పైనుంచి ఒకరు తల లైటు పట్టుకుంటే, అద్దంలోంచి చూస్తూ బుట్ట శుభ్రం చేసి వచ్చేవాడు.

ఒక్క సంపులోకి మాత్రం అతన్ని ఎవరూ పిలవలేదు. అది ఆగయ్య సంపు. ఆగయ్య బెల్లంపల్లి నుంచి వచ్చిన, పంపు నడిపే ఖలాసీ. భార్య పోయింది. ఒక్క కూతురు పెళ్లయి రామకృష్ణాపూర్‌లో ఉంటున్నది. షిఫ్టుకు ఎనిమిది గంటలు పంపు హోరులో ఒక్కడే కూర్చుని కూర్చుని చెవులు సగం పోయాయి. అతనితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. తన సంపులో బుట్ట మూసుకుపోతే పొడుగాటి కొక్కెంతో పైనుంచే కెలికి తనే బాగు చేసుకునేవాడు.

"కాక సంపుల బంగారం దాసిండు. ఎవలనూ దిగనియ్యడు" అని కూలీలు నవ్వేవారు.

1967 అక్టోబరులో వానలు పోటెత్తాయి. గోదావరి నిండుగా పారుతోంది. అప్పుడే ఆగయ్యకు జ్వరం వచ్చింది. అతని బదులు బిక్షం అనే మనిషిని పంపు మీద పెట్టారు. బిక్షానికి కొక్కెంతో కెలికే నేర్పు లేదు. రెండో రోజుకే బుట్ట మూసుకుపోయింది. సదయ్యను పిలిచారు.

బిక్షం లైటు పట్టుకుని గట్టున కూర్చున్నాడు. సదయ్య అద్దం కట్టుకుని తేలుతూ చూశాడు. మునిగి, బుట్టకు పట్టిన చెక్కపేళ్లు లాగేశాడు. ఇంకా బురద రాలలేదు. నడుముకు కట్టుకున్న పానాతో బుట్ట మీద రెండు దెబ్బలు కొట్టాడు.

చీకటి వైపు నుంచి తెల్లగా ఏదో కదిలింది. అది తిన్నగా అతని వైపే వచ్చింది. మూరెడుకు పైనే పొడుగుంది. తల పెద్దది, నోరు వెడల్పు, తోక వైపు కత్తిలా సన్నబడింది. రెండు పొడుగాటి మీసాలు వెనక్కి వాలి ఉన్నాయి. ఒంటికి రంగనేది లేదు, సున్నపు తేట లాంటి తెలుపు. అట్లాంటి చేపను అతను ఏ బావిలోనూ చూడలేదు. అది ఆగలేదు, బెదరలేదు. దగ్గరికి వచ్చి అతని వేళ్లను మూతితో తాకింది.

సదయ్య ఒక్క ఉదుటున గట్టు ఎక్కాడు.

"ఏందే, పామా?" అన్నాడు బిక్షం.

"శాప."

"బాయిల శాపేందిరా? నీళ్లు గిట్ల మింగినవా?"

"ఇంత పొడుగున్నది. మీసాలున్నయి. నా చెయ్యి ముట్టింది."

బిక్షం మొదట నవ్వాడు. తర్వాత లైటు తిప్పి సంపు మీద వేశాడు. "శాప వచ్చిన తొవ్వల గోదారి రాదా?" అన్నాడు చివరికి, మెల్లగా.

ఏరు అక్కడికి మైలున్నర దూరం. ఎక్కడో నేల పగిలి ఏటి నీరు లోపలికి దారి చేసుకుందంటే, ఆ వైపు పనిచేసే వందమందికి పైగా మనుషులు ఎలుకల్లా మునిగిపోతారు.

ముందు ఆ చేప ఏమిటో తెలియాలి అనుకున్నాడు సదయ్య. షిఫ్టు దిగి తిన్నగా బజారులో చేపలమ్మే పోశవ్వ దగ్గరికి పోయాడు. బొగ్గుపెళ్లతో బండ మీద బొమ్మ గీశాడు.

పోశవ్వ మెడ వంచి చూసింది. "గిదేం శాపరా, సొరకాయకు మీసాలు మొలిపించినవు?"

"నవ్వకు అవ్వ. చూసి చెప్పు."

"కడుపు కింది రెక్క ఏది? తోక దాక ఒక్కటే పట్టీ లెక్కున్నదా, తునకలు తునకలున్నదా?"

"అది చూడలే. మీసాలే చూసిన."

"మొగోళ్లకు మీసాలే కనవడ్తయి" అంది పోశవ్వ. తడి చేతిని కొంగుకు తుడుచుకుని ఆ బొమ్మ కింద తన వేలితో గీత గీసి చూపింది. "రెక్క తోక దాక ఒక్కటే ఉంటే వాలుగ. వాలుగైతే గోదారిది, పారే నీళ్లల్లది. తునకలుంటే జెల్ల. జెల్లైతే బురద గుంటల గూడ బతుకుతది. యాడ చూసినవు?"

సదయ్య చేతులు దులుపుకుని లేచాడు. ఇంటికి పోకుండా, కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు నర్సింగం దగ్గరికి పోయి చెప్పాడు. నర్సింగం చొక్కా గుండీలు పెట్టుకోకుండానే మేనేజరు బంగళాకు పరుగెత్తాడు.

మర్నాడు ఆ వైపు పని ఆపేశారు. సర్వే వాళ్లు నక్షాలు పట్టుకుని లోపలికి దిగారు. కాలనీ అంతా ఒకటే మాట. రెండో షిఫ్టుకు పోయే మగవాళ్లను ఆడవాళ్లు గేటు దాకా వచ్చి సాగనంపారు. సదయ్య దారిలో పోతుంటే "గా పిలగాడే చూసింది, మన పాణాలు కాపాడిండు" అని వేలు పెట్టి చూపేవారు. మేనేజరు అతన్ని ఆఫీసులోకి పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇప్పించాడు. ఆ గదిలో బదిలీవాడు కూర్చోవడం అదే మొదటిసారి అని తాత ఇప్పటికీ చెబుతాడు.

"అది ఏ చేపో తేలితే తప్ప నేనేమీ నిర్ణయించలేను" అన్నాడు మేనేజరు. "రేపు మళ్లీ దిగి దాన్ని పట్టుకురా. పని చేసుకొస్తే నీ పర్మనెంటు సంగతి నేను చూస్తాను."

ఆ సాయంత్రం ఆగయ్య వచ్చాడు. జ్వరం ఇంకా పూర్తిగా తగ్గలేదు. గొంగడి కప్పుకుని గడప మీదే కూర్చున్నాడు. సారక్క మంచినీళ్లిచ్చింది. చెవిటివాళ్ల పద్ధతిలో గట్టిగా మాట్లాడబోయి, తనే చేత్తో నోరు మూసుకుని, గొంతు తగ్గించాడు.

"పిలగా, శాప కనవడ్డప్పుడు నువ్వేమన్న కొట్టినవా?"

"బుట్ట మీద కొట్టిన కాక" అన్నాడు సదయ్య, అతని చెవి దగ్గర నోరు పెట్టి.

"ఎన్ని దెబ్బలు?"

"రెండు."

ఆగయ్య ముఖం విచ్చుకుంది. ఆ నవ్వు చూసి సదయ్యకు ఏమీ అర్థం కాలేదు.

"అది నాది బిడ్డా. మూడేండ్ల సంది సాదుతున్న. ఏటి నుంచి ట్యాంకర్ల నీళ్లొస్తుండెగదా అప్పుడు. నా నీళ్ల చెంబుల వచ్చింది, చిటికెన వేలంత. నోట్లకు పోయేది జరంతల తప్పింది."

"సంపుల ఎందుకు ఇడిచినవు కాక? తెలిస్తే నౌకరి పోదా?"

"మరి ఏం చెయ్యాలె, మింగాల్నా? ఇడిచిన. సచ్చిపోతదనుకున్న. సావలే. రొట్టె ముక్క ఏస్తే తిన్నది. పైపు మీద రెండు దెబ్బలు కొడితే వస్తది. ఆ సప్పుడు నాకు ఇనరాదు, దానికి ఇనొస్తది." గొంగడి దగ్గరికి లాక్కుని, "ఎనిమిది గంటలు బిడ్డా. ఎవలతోని మాట్లాడుత?" అన్నాడు.

ఆ మడుగు గట్టున ఆగయ్య చూసింది పైకి తేలిన మూతిని, లైటు వెలుగులో మెరిసే వీపును మాత్రమే. అది మొత్తంగా ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు. ఏ చేపో కూడా తెలియదు. అడిగితే ఎక్కడిదంటారని ఎవరినీ అడగలేదు.

"రేపు నువ్వు దిగు. చూడు. సప్పుడు చెయ్యకు. సప్పుడు లేకుంటే అది రాదు. చెక్కపేడును చూసి శాపనుకున్న అని చెప్పు. సర్వేవోళ్లు ఎట్లనూ చూసిండ్రు, యాడ నీళ్లు లేవు. రెండు దినాలల్ల పని మొదలువెడ్తరు. నాకు ఇంక ఏడాదిన్నర నౌకరి ఉన్నది. అంతే."

"నన్ను నవ్వరా కాక?"

"నవ్వుతరు. నవ్వితే నవ్వనీ. నవ్వుకు ఎవల నౌకరి పోదు."

"సరే కాక. చెప్పను" అన్నాడు సదయ్య. ఆగయ్యకు వినబడలేదేమోనని చేతిలో చెయ్యి వేశాడు.

ఆగయ్య లేస్తూ గొంగడిలోంచి ఒక కాగితం పొట్లం తీసి ఇచ్చాడు. ఎండు చేప తలకాయలు. "నేను రాక దానికి తిండి లేదు. దిగినప్పుడు నీళ్లల్ల ఇడువు."

మర్నాడు సంపు గట్టున మేనేజరు, నర్సింగం, సర్వే వాళ్లు, ఇంకో పదిమంది కూలీలు నిలబడ్డారు. ఆగయ్య ఆ రోజే డ్యూటీలోకి వచ్చి, పంపు పక్కన చేతిలో పానా పట్టుకుని ఉన్నాడు. సదయ్య అద్దం కట్టుకుని నీళ్లలో దిగాడు. చప్పుడు చేయకుండా తేలుతూ చాలాసేపు చూశాడు. ఏమీ రాలేదు. పైకి వచ్చి గట్టు పట్టుకున్నాడు.

"లేదు సార్. చెక్కపేడేమో. నేనే పొరపాటుపడ్డనేమో."

అతను చెప్పాలనుకున్నది చెప్పాడు. మాట నిలబెట్టుకున్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆగయ్య తన వైపు చూసి కళ్లు మూసి తెరవడం కూడా చూశాడు. అక్కడితో అయిపోవలసింది.

మేనేజరు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "రెండు రోజుల పని పోయింది, చెక్కపేడు కోసం" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

వెనక నుంచి ఎవరో "బదిలీగానికి కుర్సీ ఏస్తే గట్లనే కలలు వడ్తయి సార్" అన్నారు. అందరూ నవ్వారు. బిక్షం కూడా నవ్వాడు. నర్సింగం సదయ్య వైపు చూసి, "ఎక్కురా. నీ టీ అరిగింది" అన్నాడు. నవ్వు ఇంకా పెద్దదైంది.

"వాళ్లు నవ్వుతరని నాకు ముందే ఎర్క" అని తాత నాతో అన్నాడు. "ఎర్క ఉండి గూడ ఒప్పుకున్న. కానీ అనుకున్న నవ్వు ఏరు బిడ్డా, ఇన్న నవ్వు ఏరు."

సదయ్య గట్టు ఎక్కలేదు. నడుము నుంచి పానా తీశాడు. గొట్టం వదిలి మునిగాడు. బుట్ట మీద రెండు దెబ్బలు కొట్టాడు. రెండో చేత్తో, ఆగయ్య ఇచ్చిన ఎండు చేప తలకాయను రొంటిలోంచి తీసి ముందుకు చాపి పట్టుకున్నాడు.

అది వచ్చింది. మునుపటి లాగే, తిన్నగా. నోరు తెరిచి తలకాయను అందుకుంటుండగా మొప్పల వెనక పట్టుకుని, రొమ్ముకు అదుముకుని పైకి లేచాడు. బండ మీద వేస్తే ఎగిరెగిరి పడింది. కూలీలు వెనక్కి తగ్గారు. ఆ వెలుగులో అది తడి గుడ్డలా తెల్లగా ఉంది.

"ఉత్త చేతులతో ఎట్లా పట్టావురా?" అన్నాడు మేనేజరు ఆశ్చర్యంగా.

"రెండు దెబ్బలు కొడితే వస్తది సార్" అన్నాడు సదయ్య, రొప్పుతూ. "గోదారి నుంచి రాలే. సాదుకున్నది."

నేను పేరు చెప్పలేదు అని తాత ప్రతిసారీ అంటాడు. ప్రతిసారీ అమ్మమ్మ వంటింట్లోంచి, "పేరెందుకు, నీ కండ్లు చెప్పినయి గదా" అంటుంది.

అందరి తలలూ, తలల మీది లైట్లూ పంపు వైపు తిరిగాయి. సదయ్య ఏమన్నాడో ఆగయ్యకు వినబడలేదు. లైట్లన్నీ తన ముఖం మీద పడ్డాక అర్థమైంది. పానా కింద పెట్టి, వచ్చి, బండ మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేపను నీళ్లలోకి నెట్టడానికి రెండు చేతులూ పెట్టాడు. నర్సింగం అతని భుజం పట్టి ఆపాడు. కాసేపటికి అది ఎగరడం మానేసింది.

తర్వాతి షిఫ్టుకే ఆ వైపు పని మొదలైంది. కాలనీలో ఊపిరి పీల్చుకున్నారు. సదయ్య చెప్పింది నిజమే, దానివల్ల వందల మంది భయం తీరింది. ఆ మాట ఎవరూ కాదనలేరు. తాత కూడా కాదనడు. ఏరు దారి చేసుకోలేదని తేలాక, అది వాలుగో జెల్లో ఎవరికీ అక్కరలేకపోయింది. బకెట్‌లో వేసి పైకి తెచ్చిన ఆ చేపను సదయ్య ఒక్కడే పోశవ్వ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె కత్తి కొసతో దాన్ని వెల్లకిలా తిప్పింది. కడుపు కింద నుంచి తోక దాకా ఒకే రెక్క.

"వాలుగే" అంది. "గింత తెల్లగైందేందిరా, జబ్బు మనిషి లెక్క? కొయ్యాల్నా?"

"వద్దు" అని అతను బకెట్ అక్కడే వదిలి వచ్చేశాడు. పోశవ్వ దాన్ని ఏం చేసిందో అడగలేదు.

ఆగయ్యకు చార్జిషీటు ఇచ్చారు. వారం లోపల జవాబు రాయాలి. "తప్పైందని ఒక్క ముక్క రాయి కాక, నేను మాట్లాడుత. ఏదో రెండు దినాలు పక్కకు వెట్టి మల్ల తీసుకుంటరు" అని నర్సింగమే అతని గదికి పోయి చెవిలో అరిచాడట. ఆగయ్య రాయలేదు. వారం నిండకముందే ట్రంకుపెట్టె సర్దుకుని కూతురి దగ్గరికి రామకృష్ణాపూర్ వెళ్లిపోయాడు. ఏడాదిన్నర నౌకరీ అట్లా పోయింది.

నవంబరులో సదయ్య పర్మనెంటు అయ్యాడు. కాగితం తెచ్చి సారక్క చేతికిచ్చాడు. ఆమె దాన్ని రెండు వైపులా తిప్పి చూసింది, చదవడం రాకపోయినా. "కాకకు మాటిచ్చినవు గదా?" అంది. ఆ మర్నాటి నుంచే అతను బకెట్ అంచు మీద కొట్టడం చూసింది.

రామకృష్ణాపూర్ పెద్ద దూరం కాదు. అయినా పోవడానికి సదయ్యకు ఏడేళ్లు పట్టింది. ప్రతి పండుగకూ పోదామనుకునేవాడు. ఏమనాలో మాటలు సిద్ధం చేసుకునేవాడు. డ్యూటీకి నడుస్తూ, మనసులోనే ఆ మాటలను అటూ ఇటూ మార్చుకునేవాడు. "నవ్వు తట్టుకోలేకపోయిన కాక" అని మొదలుపెడదామా, "తప్పైంది" అని మొదలుపెడదామా అని. 1974 ఎండాకాలంలో బిక్షం ఏదో పెళ్లికి పోయి వచ్చి, ఆగయ్య బాగా తగ్గిపోయాడని, చెవులు పూర్తిగా పోయాయని చెప్పాడు. అప్పుడు బయలుదేరాడు.

సాయంత్రం. వరుస క్వార్టర్ల ముందు అందరూ నీళ్లు చల్లి మంచాలు వేసుకుని కూర్చున్నారు. ఆగయ్య కూడా తన గడప ముందు నులక మంచం మీద ఉన్నాడు. చిక్కిపోయాడు. సదయ్యను చూడగానే గుర్తుపట్టాడు.

"కప్ప సదయ్యవు గదా!" అన్నాడు. తన గొంతు తనకు వినబడదు కాబట్టి వాడ వాడంతా వినేటట్టు అన్నాడు. కూతురు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి లోపలికి పోయింది.

ఆగయ్య చాలాసేపు అతన్నే చూశాడు. కోపం కోసం సదయ్య ఆ ముఖంలో వెతికాడు. దొరకలేదు. దొరికి ఉంటే తన మాట మొదలుపెట్టేవాడినని తాత అంటాడు.

"నువ్వు అద్దంల చూసినవు గదా" అన్నాడు ఆగయ్య. "నీళ్లల్ల తిరుగుతుంటె ఎట్లుండె? నాకు బండ మీద పడ్డంకనే కనవడ్డది. అది ఏం శాప పిలగా? ఎవలనూ అడగకపోతిని."

సదయ్య చుట్టూ చూశాడు. కట్టెల పొయ్యి దగ్గర నుంచి బొగ్గు ముక్క ఒకటి తెచ్చి గచ్చు మీద గీశాడు. ఈసారి బొమ్మ బాగా కుదిరింది. పెద్ద తల, వెడల్పు నోరు, వెనక్కి వాలిన మీసాలు. కడుపు కింద నుంచి తోక దాకా ఒకే రెక్క, పొడుగ్గా. ఆ రెక్క మీద వేలు పెట్టి చూపి, గొంతెత్తి అరిచాడు.

"వాలుగ!"

పక్క మంచాల వాళ్లు తిరిగి చూశారు.

"ఆఁ?"

"వాలుగ కాక! వా-లు-గ!"

ఆగయ్య అతని పెదవులు చూసి అందుకున్నాడు. "వాలుగనా!" అన్నాడు. ఒళ్లంతా కదిలేలా నవ్వాడు. "నేను జెల్ల అనుకున్న. వాలుగనా! గోదారి శాపను చెంబుల తెచ్చిన్నా నేను?" వంగి ఆ బొమ్మ మీసాలను వేలితో తాకాడు. వేలికి మసి అంటుకుంది. "అందుకే గంత నోరు" అన్నాడు.

అప్పుడు సదయ్య ఏడేళ్ల నుంచి సిద్ధం చేసుకున్న మాట అన్నాడు. "తప్పైంది కాక." మామూలు గొంతుతో అన్నాడు.

"ఏందీ?" ఆగయ్య చెవి వెనక చెయ్యి పెట్టాడు.

"తప్పైంది" అన్నాడు కొంచెం గట్టిగా.

"ఇనరాలే బిడ్డా. గట్టిగ చెప్పు."

సదయ్య తల ఎత్తి చూశాడు. అటు నాలుగు మంచాలు, ఇటు ఐదు. చేప పేరు వినబడినప్పటి నుంచి అందరూ ఇటే చూస్తున్నారు. ఆ మాట ఆగయ్యకు చేరాలంటే వాడంతా వినేటట్టు అరవాలి. ఎందుకు తప్పు, ఏం తప్పు అని వాళ్లడుగుతారు.

"మంచిగున్నవా అంటున్న!" అని అరిచాడు.

"మంచిగున్న, మంచిగున్న" అన్నాడు ఆగయ్య, ఇంకా బొమ్మనే చూస్తూ.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానని, మంచిర్యాల దాటాక గోదావరి వంతెన వస్తే అటు చూడలేదని తాత చెప్పాడు. ఆ వానకాలం పోకముందే ఆగయ్య చనిపోయిన కబురు వచ్చింది. సదయ్య మట్టి పెట్టడానికి పోయాడు. గచ్చు మీది బొమ్మను తన నాయన చాలా రోజులు కడగనివ్వలేదని అక్కడ కూతురు చెప్పింది. అందుకు ఆమె అతనికి దండం కూడా పెట్టింది.

సదయ్య తాత 2005లో ఫిట్టరుగా రిటైరయ్యాడు. ఇప్పుడు ఆయనకు ఎనభై ఏళ్లు. సెంటినరీ కాలనీలో కొడుకు క్వార్టరులో ఉంటున్నాడు. ఆదివారం ఇంట్లో చేపల కూర వండితే తింటాడు. తిన్నాక చెయ్యి కడుక్కునే ముందు మాత్రం బకెట్ అంచు మీద రెండు దెబ్బలు కొడతాడు.